మూడో చీటీలో తప్పొప్పులు

తికమకమ్మ గ్రంథాలయం మెట్లెక్కేసరికి సరిగ్గా పదీ పది. రోజూ అదే సమయానికి గ్రంథాలయం వెబ్‌పేజీలో తప్పుల తాత రాసిన నాలుగు ముక్కలు కనిపించేవి. ఈ రోజు కనిపించలేదు. మెట్ల మీదే నిలబడి ఫోన్‌లో ఆ పేజీని మూడుసార్లు తెరిచి చూసింది. నిన్న గురువారం వచ్చిందే ఇంకా పైన ఉంది.

ఆమెకి అసలు పేరొకటి ఉంది గాని, దాంతో పిలిచేవాళ్లే లేరు. ఇరవై రెండేళ్లు పోలీసు స్టేషన్లో రైటరుగా ఫిర్యాదులు రాసి రాసి, విసుగొచ్చి బయటికొచ్చి, సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకుంది. ఏ కేసు తీసుకున్నా మొదటి మాట "నాకేం అర్థం కావడం లేదు" అనడం ఆమె అలవాటు. తెలిసినట్టు నటించేవాళ్ల కంటే తెలియదని ఒప్పుకునేవాళ్లకే జనం ఎక్కువ చెబుతారని ఆమె నమ్మకం. ఈసారి మాత్రం ఆ మాట ఎత్తుగడ కాదు. నిజంగానే బుర్ర గిర్రున తిరుగుతోంది.

తప్పుల తాత కనిపించకుండా పోయి ఇది నాలుగో రోజు. డెబ్భై నాలుగేళ్ల మనిషి. నలభై ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దాడు. ఏ పుస్తకం చేతికిచ్చినా కథ కంటే ముందు అచ్చుతప్పు పట్టుకుంటాడని గ్రంథాలయానికి వచ్చే పిల్లలు పెట్టిన పేరది. సోమవారం సాయంత్రం ఇంట్లోంచి వెళ్లినవాడు తిరిగి రాలేదు. గుండెకి రోజూ వేసుకోవాల్సిన మాత్రలు బల్ల మీదే వదిలేశాడు. అవి లేకుండా నాలుగు రోజులు దాటితే ప్రాణానికి పూచీ లేదని డాక్టరు అన్నాడట.

ఆ మాట చెప్పింది తాత అల్లుడు. మందుల ఏజెన్సీ నడుపుతాడు. నిన్న సాయంత్రం ఆమె ఆఫీసుకి వచ్చి, కళ్లనీళ్లు పెట్టుకుని, ఆ మాత్రల రేకొకటి చేతిలో పెట్టాడు. "కనిపించగానే ఒకటి మింగించండి మేడమ్. కానీ ముందు నాకు ఫోన్ చెయ్యండి. పోలీసులకంటే ముందు, మా ఆవిడకంటే ముందు" అన్నాడు. మామ మీద అంత ప్రేమున్న అల్లుణ్ణి చూసి తికమకమ్మ కొంచెం కరిగిపోయిన మాట నిజం.

ఇంతవరకూ బాగానే ఉంది. మనిషి మాయమయ్యాక కూడా మంగళ, బుధ, గురువారాలు మూడు రోజులూ ఆయన పేరుతో పేజీలో రాతలు వచ్చాయి. కథ అడ్డం తిరిగింది అక్కడే.

లోపల అప్పటికే ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు. లైబ్రేరియన్ కుర్చీలో తను కూర్చుని, లైబ్రేరియన్‌ని ఎదురుగా నిలబెట్టాడు. ఒకప్పుడు తికమకమ్మ దగ్గరే ఫిర్యాదు ఎలా రాయాలో నేర్చుకున్నవాడు. అన్నీ నేర్చుకున్నాడు గాని, సందేహపడటం ఒక్కటే నేర్చుకోలేదు. ప్రతిదానికీ "ఖరారు" అంటాడు. స్టేషన్లో కానిస్టేబుళ్లు చాటుగా పిలిచే పేరు కూడా అదే.

"ఆలస్యంగా వచ్చావక్కా. కేసు అయిపోయింది" అన్నాడు.

"తాత దొరికాడా?"

"దొరుకుతాడు. ఆ రాతలు మూడూ ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసా? ఇదిగో, ఈ గదిలో మూడో నంబరు కంప్యూటర్ నుంచి. టైపు చేసింది ఎవరో తెలుసా? ఈయనగారు. కనబడకుండా పోయిన మనిషి పేరుతో ఈయన రాతలు పెట్టడమేంటి? లోకాన్ని నమ్మించడానికి. పన్నెండింటికి స్టేషన్‌కి తీసుకెళ్తున్నా. ఖరారు."

లైబ్రేరియన్‌కి ముప్పై అయిదేళ్లుంటాయి. సన్నగా, పొడుగ్గా, పై అరలోంచి పుస్తకం తీయడానికే పుట్టినట్టుంటాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. తికమకమ్మ అతని పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"నాకేం అర్థం కావడం లేదు నాయనా. మొదట్నించీ చెప్పు. నేను కొంచెం మందమతిని."

అతను ఇన్‌స్పెక్టర్ వైపు ఓసారి చూసి మొదలుపెట్టాడు.

"నూరు రోజులు, నూరు పుస్తకాలు అని ఒక కార్యక్రమం పెట్టానండీ. రోజుకో పుస్తకం చదివి నాలుగు ముక్కలు రాస్తే మన పేజీలో పెడతాను. ముప్పై రెండు మంది మొదలుపెట్టారు, తొమ్మిది మంది మిగిలారు. అందులో మొదటివారు తాతగారే. ఒక్కరోజు కూడా తప్పలేదు. కానీ ఆయన కీబోర్డు ముట్టుకోరు. చేతికి సిరా అంటనిది రాతే కాదంటారు. చీటీ మీద రాసి, తిరిగిచ్చే పుస్తకంలో పెడతారు. నేను టైపు చేస్తాను. అంతేనండీ."

"అయితే ఈ మూడు రోజులూ చీటీలు వచ్చాయన్నమాట."

"వచ్చాయి. బయట సందులో, గోడకి పుస్తకాలు వేసే కంత ఉంది కదండీ, దాంట్లోంచి."

"మరి ఆయన్ని చూడలేదా?"

"లేదండీ. సోమవారం పొద్దున నా మీద అలిగారు."

"ఎందుకు?"

అతను తల దించుకున్నాడు. "నేను కొత్త పనిముట్టు పెట్టానండీ. అక్షరదోషాలు దానంతట అదే దిద్దేస్తుంది. ఆయన గుఱ్ఱం అని బండి ఱతో రాస్తే అది మామూలు ర చేసేసింది. దాని కేటలాగులో ఆ అక్షరమే లేదు. ఆయనకి కోపమొచ్చింది. 'గుఱ్ఱానికి బండి ర పీకేశావు, ఇక బండెలా లాగుతుందయ్యా' అన్నారు. రేపట్నించి నాలుగు రోజులు నీ మొహం చూడనని, నాలుగు పుస్తకాలు ఒకేసారి తీసుకుని వెళ్లిపోయారు. పోయారంటే నేను అలక అనుకున్నాను. మనిషే కనిపించడం లేదని పోలీసులు చెప్పేదాకా తెలీదు."

తికమకమ్మకి నవ్వొచ్చింది, ఆపుకుంది. "చీటీలేవీ?"

"పారేశాడట" అన్నాడు ఖరారు. "నిన్నటిది ఒక్కటే టేబుల్ మీద దొరికింది. కవర్లో వేసి సీలు వేశా. చేతిరాత నిపుణుడికి పంపుతాను."

"ఓసారి చూపించు తమ్ముడూ."

"సాక్ష్యం అక్కా. ప్రైవేటు వాళ్లకి చూపించం. రూలు నువ్వే నేర్పావు." చొక్కా జేబు మీద తట్టి నవ్వాడు.

ఆమె లైబ్రేరియన్ చేతుల వైపే చూస్తోంది. అతని కుడిచెయ్యి పక్కనే ఉన్న లావుపాటి నిఘంటువు మీద ఆనించి ఉంది. ఇంతసేపూ ఆ పుస్తకాన్నే అంటిపెట్టుకుని ఉన్నాడు.

"నాయనా, ఆ నిఘంటువు ఇలా ఇవ్వు. ఒక మాటకి అర్థం చూడాలి."

"ఏ మాటండీ?"

"పారేయడం."

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. తనే నిఘంటువు తెరిచి రెండు పొడుగాటి చీటీలు బల్ల మీద పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. "చూశావా అక్కా. అబద్ధం. ఖరారు."

"ఎందుకు దాచావు?"

"ఆయన పరువు పోతుందని" అన్నాడు లైబ్రేరియన్. "చూడండి. అన్నీ తప్పులే. నలభై ఏళ్లు ఊరందరి తప్పులూ దిద్దిన మనిషి. వయసు మీద పడిందేమో, మతి తప్పుతోందేమో అనుకున్నాను. పనిముట్టు ఎలాగూ దిద్దేసింది, పేజీలో ఎవరికీ తెలీదు. ఈ చీటీలు పోలీసు ఫైల్లో పడితే ఆయన తలెత్తుకోగలరా? ఆ కూతురు చూస్తే తట్టుకుంటుందా?"

"కూతురు చూస్తుందా?"

"ఆవిడ రోజూ పేజీ చూస్తారండీ. చిన్నప్పుడు అచ్చాఫీసులో ఈవిడ కాపీ, అంటే అసలు రాతప్రతి, పైకి చదివేది, ఆయన ప్రూఫు దిద్దేవారు. పెళ్లయ్యేదాకా అంతేనట. తండ్రి రాసినదానికి మొదటి లైకు ఆవిడదే. ఈ మూడు రోజులూ కూడా నొక్కారు."

తికమకమ్మ కళ్లజోడు పెట్టుకుని మంగళవారం చీటీ పైకి చదివింది. "యుద్ధషేత్రంలో గాయాలకి మదు పూసే నర్సు కథ. కన్నీళ్లు పెట్టించింది." తర్వాత బుధవారంది. "ఆద్దంలో తనని తాను చూసుకోని ఆడమనిషి కథ. ఇలు, బఢి, కీటికీ తప్ప ఆమెకి లోకం లేదు."

నిజంగానే తప్పులు. రెండో తరగతి పిల్లాడు కూడా చెయ్యనివి.

"ఇదేదో సంకేతం" అన్నాడు ఖరారు, ఆమె భుజం మీంచి తొంగిచూస్తూ. ఇప్పుడతనికీ ఆసక్తి పుట్టింది. "తప్పక్షరాలు కలిపి చదువు. మొదటి చీటీలో షే, మ. షేమ్. అంటే సిగ్గు. సిగ్గుపడే పని చేసి ఇల్లు వదిలాడు. ఖరారు."

"రెండోది?"

"ఆ, లు, ఢి, కీ. ఆలు అంటే భార్య. ఢీకొట్టడం. భార్యతో గొడవ."

"ఆయన భార్య పోయి పన్నెండేళ్లయింది తమ్ముడూ."

"అయితే ఆలుగడ్డ" అని గొణిగి మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు.

తికమకమ్మకి అంతా అయోమయంగా ఉంది. మనిషి లేడు, చీటీలున్నాయి. చీటీల్లో తప్పులున్నాయి, పేజీలో లేవు. ఈ రోజు అసలు చీటీయే లేదు. మాత్రలు లేని మనిషికి ఇది నాలుగో రోజు. గోడ మీద గడియారం పదీ నలభై చూపిస్తోంది. ఒక్కో నిమిషం ముల్లులా గుచ్చుకుంటోంది.

"సోమవారం అలిగి వెళ్లేముందు ఇంకేమైనా అడిగారా ఆయన?"

"అడిగారండీ. అలక తర్వాత మళ్లీ మధ్యాహ్నం వచ్చారు. మందుల పేర్లు వెతికే వెబ్‌సైటు ఉందా అన్నారు. ఉందన్నాను. జేబులోంచి కాగితం తీసి ఒక మాత్ర పేరు అక్షరం అక్షరం చెప్పారు. మూడుసార్లు వెతికాను. అలాంటి మాత్రే లేదని వచ్చింది. ఆయన నవ్వి, 'అచ్చుతప్పు. ఎవరిదో అడగాలి' అన్నారు. పొద్దున్నది గుర్తుపెట్టుకుని నన్ను దెప్పుతున్నారనుకున్నాను."

"ఏం పేరది?"

"ఇంగ్లీషు పేరు, గుర్తులేదండీ. మూడో కంప్యూటర్లో ఎవరేం వెతికారో రోజూ సాయంత్రం చెరిపేస్తాం. చదువరుల గుట్టు మాకెందుకని."

ఆమెకి అదీ అంతుపట్టలేదు. నోటుపుస్తకంలో రాసుకుని లేచింది. "పుస్తకాలు పడే పెట్టె చూపించు."

"దానికి సీలు వేశా" అన్నాడు ఖరారు.

"లోపలేముందో చూడకుండానా?"

"తొమ్మిదింటికి సీలు వేశా. మధ్యాహ్నం పంచనామా."

"రేపు లాయరు లేచి, పెట్టెలో పుస్తకం ఉంటే మూడు గంటలు ఎందుకు కూర్చోబెట్టారు, ఈలోగా ముసలాయన పోయాడు అంటే ఏం చెబుతావు? ఖరారు అంటావా?"

ఇన్‌స్పెక్టర్ మొహం ముడుచుకుంది. కానిస్టేబుల్‌ని పిలిచి సీలు తీయించాడు.

పెట్టె పక్కగోడలో ఉంది. బయట సందులో జానెడు వెడల్పు కంత, లోపల కింద మోకాలెత్తు చెక్కపెట్టె. అందులో ఒకే ఒక్క పుస్తకం. తాత సోమవారం తీసుకున్న నాలుగింట్లో నాలుగోది. తికమకమ్మ అట్టలు పట్టుకుని దులిపింది. ఏమీ రాలలేదు. ఒక్కో పేజీ తిప్పింది. చీటీ లేదు.

"చీటీ లేకుండా పుస్తకం ఇవ్వరండీ ఆయన" అన్నాడు లైబ్రేరియన్ నెమ్మదిగా. "ఎప్పుడూ ఇవ్వలేదు."

తాత రాయలేని స్థితిలో ఉన్నాడేమోనన్న భయం ముగ్గురికీ ఒకేసారి కలిగింది.

ఆమె పుస్తకం మూయబోతూ వేళ్లు చూసుకుంది. తడి. వెన్ను మీద చల్లగా, జిగటగా ఉంది. అంచుల దగ్గర నీలం మరక. లోపల ఎర్ర దారం.

"ఇది కొత్త బైండింగా?"

లైబ్రేరియన్ పుస్తకం లాక్కున్నట్టే తీసుకున్నాడు. "వెన్ను ఊడిపోయిన పుస్తకమండీ ఇది. రబ్బరుబ్యాండు వేసి ఇచ్చాను. ఎవరు కుట్టారు?" దారం ముడి వేలితో తడిమాడు. తలెత్తాడు. "మైదా జిగురు. నీలం ఎందుకుందంటే, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపారు. ఇప్పుడందరూ సీసా జిగురే వాడతారు. మైలుతుత్తం కలిపేది ఒక్కరే మిగిలారు. బైండింగ్ పెద్దాయన. తాతగారి అచ్చాఫీసులోనే చేసేవారు. పాత వంతెన అవతల రేకుల షెడ్డు. ఇద్దరూ ప్రాణస్నేహితులు."

"జిగురు ఎంతసేపట్లో ఆరుతుంది?"

"అయిదారు గంటలు. అంటే తెల్లవారాక కుట్టిందే."

"అయితే తాత అక్కడున్నాడు. ఊరికే కూర్చోలేక పుస్తకాలు కుట్టిస్తున్నాడు" అంది తికమకమ్మ. పొద్దుటి నుంచి మొదటిసారి ఒక దారపు కొస చేతికి చిక్కింది. "పెద్దాయన ఫోన్ నంబరు?"

"ఫోన్ లేదండీ. ఆయనకి చెవులు వినపడవు."

"ఇక్కడ్నించి ఎంతసేపు?"

"అరగంట పైనే."

"బంధించి ఉండొచ్చు" అన్నాడు ఖరారు. "బైండరూ, ఈయనా కలిసి."

"బంధించినవాడు పుస్తకం వెన్ను కుట్టి పంపుతాడా?" అంది గాని ఆమె మనసులోనూ ఏదో నలుగుతోంది. దాక్కున్నవాడైతే ఎందుకు దాక్కున్నాడు? మాత్రలు వదిలేసి ఎందుకు పోయాడు? మళ్లీ రెండు చీటీలు వెలుతురులోకి పట్టింది. అప్పుడు కనిపించాయి, మార్జిన్‌లో సన్నటి పెన్సిలు గీతలు. మొదటి చీటీకి రెండు. రెండో చీటీకి నాలుగు.

"ఈ గీతలేంటి?"

లైబ్రేరియన్ వంగి చూశాడు. "ప్రూఫు గుర్తులండీ. తప్పున్న ప్రతిచోటికీ పక్కన ఒక గీత గీస్తారు. దాని పక్కన ఒప్పక్షరం రాస్తారు." ఆగాడు. "రెండు తప్పులు, రెండు గీతలు. నాలుగు తప్పులు, నాలుగు గీతలు. ఆయనకి తెలిసే చేశారు. మతి తప్పలేదు. ఆయనకి మతి తప్పలేదండీ."

అతను నిజంగానే ఏడ్చేశాడు. ఆ ఏడుపులో ఎంత సంతోషముందో చూసి ఖరారు కూడా మొహం తిప్పుకున్నాడు.

"మరి ఒప్పక్షరాలు ఎందుకు రాయలేదు?"

"వదిలేశారు. చదివేవాళ్లు నింపుకోవాలని."

"కూతురు" అంది తికమకమ్మ. "కాపీ చదివిన పిల్ల. తండ్రి తప్పు రాస్తే ఆ పిల్ల ఒప్పు చదువుతుంది. తమ్ముడూ, మనం తప్పులు కలిపి చదివాం. ప్రూఫులో తప్పు పోయేదే కదా, ఉండేది ఒప్పు." కాగితం లాక్కుంది. "షేత్రం కాదు, క్షేత్రం. క్షే. మదు కాదు, మందు. మం."

"క్షేమం" అన్నాడు లైబ్రేరియన్.

"ఆద్దం కాదు, అద్దం. అ. ఇలు కాదు, ఇల్లు. ల్లు. బఢి కాదు, బడి. డి. కిటికీ. కి."

"అల్లుడికి."

"క్షేమం, అల్లుడికి" అంది ఆమె. గుండె తేలికపడింది. ఎంత పిచ్చిదాన్ని, ఇంతసేపూ ఎన్ని అనుమానాలు పడ్డాను అనుకుంది. "క్షేమంగా ఉన్నానని అల్లుడికి చెప్పమంటున్నాడు పాపం. మన పనిముట్టు తప్పులన్నీ దిద్దేయడంతో కూతురికి కబురు చేరనే లేదు."

"పూర్తిగా ఖరారు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. జీవితంలో మొదటిసారి ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు. ఆ సంగతే ఆమెని జాగ్రత్త పడేలా చెయ్యాల్సింది. చెయ్యలేదు.

పదకొండూ ఇరవై. ఆమె అల్లుడికి ఫోన్ చేసింది. రెండో రింగుకే ఎత్తాడు.

"దొరికారండీ. పాత వంతెన అవతల బైండింగ్ పెద్దాయన షెడ్డులో ఉన్నారు. ఈ రోజు చీటీ రాలేదు, ఒంట్లో ఎలా ఉందో తెలీదు. మేం బయల్దేరుతున్నాం."

"అయ్యో, మీరెందుకు మేడమ్ శ్రమ" అన్నాడు అల్లుడు. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. నిన్నటి ఏడుపు లేదు. "నేను వంతెన పక్కనే ఉన్నాను. పది నిమిషాల్లో వెళ్లిపోతాను. మాత్రలు నా దగ్గరే ఉన్నాయి. పోలీసులకి చెప్పారా?"

"పక్కనే ఉన్నారు."

ఒక్క క్షణం ఆగాడు. "సరే మేడమ్. ఇక నేను చూసుకుంటాను."

ఆమె ఫోన్ పెట్టేసింది. పని అయిపోయింది. అయినా రైటరుగా పనిచేసిన ప్రాణం, సగం రాసిన వాక్యం చూస్తే ఊరుకోదు. "తమ్ముడూ, మూడో చీటీ కూడా చూసేద్దాం. వాక్యం అక్కడితో ఆగదు. 'చెప్పండి' అనో ఏదో ఉంటుంది."

ఖరారు ఇప్పుడు మంచి హుషారుగా ఉన్నాడు. జేబులోంచి కవరు తీసి సీలు చింపి చీటీ బల్ల మీద పరిచాడు. తనే పైకి చదివాడు. "చేవి ఒగ్గి వినవలసిన పుస్తకం. మనిషి తప్పోప్పులకి హదు ఎక్కడో చెబుతుంది." మార్జిన్‌లో మూడు గీతలు.

"చేవి కాదు, చెవి" అంది తికమకమ్మ. "చె. చూశావా, చెప్పనే అన్నాను."

"తప్పోప్పులు కాదండీ" అన్నాడు లైబ్రేరియన్. "తప్పొప్పులు. ఈ మాట ఆయన నిద్రలో కూడా తప్పు రాయరు. ప్పొ."

"చెప్పొ" అని ఆగింది ఆమె. చెప్పండి అయితే ప్పం రావాలి. చెప్పు అయితే ప్పు రావాలి. ప్పొ ఎందుకొచ్చింది? పెన్సిలు పట్టుకున్న చెయ్యి కాగితం మీద ఆగిపోయింది. మన భాషలో ఔను అన్నా కాదు అన్నా వాక్యం చివరిదాకా ఆగాలి. ముందే లేచి పరుగెత్తినవాడు సగం మాటే తీసుకుపోతాడు. స్టేషన్లో ఈ ఖరారుకి ఆమె నేర్పిన మొదటి పాఠం అదే.

"మూడోది హద్దు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. అతని గొంతు కూడా మారింది. "ద్దు."

ఎవరూ కలిపి చదవలేదు. అవసరం లేకపోయింది.

క్షేమం. అల్లుడికి చెప్పొద్దు.

అందుకే నాలుగో పుస్తకంలో చీటీ లేదు. చెప్పాల్సింది అయిపోయింది. ఆయన కూతురికి చెప్పుకున్నాడు, కూతురు భర్తకి చెప్పకూడదనుకున్నాడు, కూతురి కాపురం వీధిన పడకూడదని పోలీసుల దగ్గరికి పోలేదు. ఇంత జాగ్రత్తగా తప్పులు రాస్తే ఒక పనిముట్టు దిద్దేసింది. మిగిలినదాన్ని ఒక డిటెక్టివు అల్లుడికే చెప్పేసింది.

"కానీ ఎందుకు?" అన్నాడు లైబ్రేరియన్. "అల్లుడంటే ఆయనకి భయమెందుకు?"

తికమకమ్మ చెయ్యి దానంతట అదే సంచిలోకి పోయింది. అల్లుడిచ్చిన మాత్రల రేకు తీసి అతని చేతిలో పెట్టింది. "సోమవారం వెతికిన పేరు ఇదేనా చూడు."

అతను రేకు కళ్ల దగ్గర పెట్టుకుని మూడో నంబరు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఒక్కో అక్షరం చూసి కొట్టాడు. తెర మీద జవాబు వచ్చింది. అలాంటి మాత్ర లేదు. మధ్యలో ఒక అక్షరం తీసేసి మళ్లీ కొట్టాడు. ఈసారి వచ్చింది. పేరు, కంపెనీ, గుండె జబ్బుకి వాడే మందు.

"ఇదేనండీ" అన్నాడు. "ఒక అక్షరం ఎక్కువుంది. అచ్చుతప్పు. అసలు కంపెనీ వాళ్లు సొంత మందు పేరే తప్పు అచ్చు వేసుకోరు కదండీ."

"దొంగ మందు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఏజెన్సీ మొత్తం."

'ఎవరిదో అడగాలి' అన్నాడు తాత. సోమవారం సాయంత్రం వెళ్లి అల్లుణ్ణే అడిగి ఉంటాడు. నలభై ఏళ్లూ తప్పు ఎవరిదైనా మొహం మీదే అడిగిన మనిషి. మాత్రలు మర్చిపోయి వెళ్లలేదు. వద్దనుకునే వదిలి వెళ్లాడు.

ఆమె అప్పటికే మెట్ల దగ్గరికి పరుగు తీసింది. వెనక ఇన్‌స్పెక్టర్ వాకీటాకీలో వంతెన దగ్గర ఎవరున్నారు, ఎవరైనా ఉన్నారా అని అరుస్తున్నాడు. అవతలి నుంచి గరగర తప్ప జవాబు లేదు. అతని నోట ఖరారు అన్న మాట రాలేదు.

పదకొండూ ముప్పై నాలుగు. జీపు తలుపు తీస్తుండగా ఆమె చేతిలో ఫోన్ చిన్నగా మోగింది. అల్లుడి మెసేజ్. ఒక్క అక్షరం కూడా తప్పు లేదు.

"మామయ్యగారు కనిపించారు. నన్ను చూసి చాలా కంగారుపడుతున్నారు. మాత్ర వేస్తున్నాను. మీరు రానక్కర్లేదు."